రాసిపెట్టుకున్న రుచి

పెద్ద హోటల్ లోపలి ఫ్రెంచి రెస్టారెంటులో మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే ముందు వచ్చేది రొట్టె, వెన్న. ఆ తర్వాత వెడల్పాటి గిన్నెలో కాస్తంత సూపు. దాని వెనకాల చేపో కోడి మాంసమో, పక్కన రెండు గరిటెల సాస్. చివర్లో పంచదార పాకం ఓడుతూ క్రెమ్ క్యారమెల్. జనగామలోనో మహబూబాబాద్‌లోనో విస్తరి నిండా వడ్డించుకుని తినే అలవాటున్నవారికి ఈ భోజనంలో ముందుగా కనిపించేవి లోట్లే. పోపు లేదు, పసుపు లేదు, ధనియాల పొడి ఊసే లేదు. అయినా ఒక్కో ముద్ద రుచి నోట్లో చాలాసేపు నిలిచిపోతుంది.

ఇంత తక్కువ దినుసులతో అంత రుచి ఎక్కడి నుంచి వచ్చింది? వంటవాడి చేతి నేర్పు అందులో సగం. మిగతా సగం వేడిని కొలవడంలో, కొలిచినదాన్ని కాగితం మీద పెట్టడంలో ఉంది. ఆ వడ్డనలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, అందులోని శాస్త్రం మనకు పరాయిది కాదని తెలుస్తుంది. జనగామ లోహపు పని, భూపాలపల్లి బొగ్గు, మహబూబాబాద్ మిర్చి పరిశోధన కూడా ఆ బల్ల దగ్గరికే దారి తీస్తాయి.

హోటల్లో కుదురుకున్న వంట

గొప్ప వంటను గొప్ప హోటల్‌తో ముడిపెట్టిన ఘనత ముఖ్యంగా ఇద్దరిది. ఒకరు స్విట్జర్లాండ్‌కు చెందిన హోటల్ నిర్వాహకుడు సెజార్ రిట్జ్. రెండోవారు ఫ్రెంచి పాకశాస్త్రవేత్త ఆగస్ట్ ఎస్కోఫియే. లండన్‌లో 1889లో తెరిచిన సవోయ్ హోటల్‌కు మరుసటి ఏడాది ఇద్దరూ చేరారు. 1898లో పారిస్‌లో రిట్జ్ హోటల్ మొదలైంది. దానికి కొన్నేళ్ల ముందే మన హైదరాబాదులో నవాబు వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించాడు. 1884లో పని మొదలైన ఆ మహల్లో 101 మంది ఒకేసారి కూర్చుని తినగలిగే భోజనాల బల్ల ఉంది. 2010 నుంచి ఆ ప్యాలెస్ కూడా హోటలే.

ఎస్కోఫియే 1870 నాటి ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధంలో సైన్యానికి వండిపెట్టాడు. ఆ క్రమశిక్షణను హోటల్ వంటగదికి తెచ్చాడు. అంతకుముందు ఒక్కో వంటవాడు ఒక్కో వంటకాన్ని మొదటి నుంచి చివరిదాకా తానే చేసేవాడు. ఎస్కోఫియే పనిని విభాగాలుగా విడగొట్టాడు: సాస్‌లకు ఒకరు, కాల్చే మాంసాలకు ఒకరు, చేపలకు ఒకరు, కూరగాయలకు, సూపులకు ఒకరు, తీపి వంటకాలకు ఇంకొకరు. దాంతో ఒకే పళ్లెంలోకి వెళ్లాల్సిన చేప, సాస్, కూర మూడు చోట్ల తయారై ఒకే నిమిషంలో కలుస్తాయి. నేటికీ ప్రపంచమంతటా పెద్ద హోటళ్ల వంటగదులు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. 1903లో ఆయన అచ్చువేసిన వంటల గ్రంథంలో అయిదు వేలకు పైగా వంటకాలున్నాయి. ఎస్కోఫియే చేసిన అన్ని పనుల్లోనూ మనం ఎక్కువగా గుర్తుంచుకోవలసింది ఈ పుస్తకాన్నే.

వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి రావడం వెనుక కూడా కారణం ఉంది. పూర్వం ఫ్రెంచి విందుల్లోనూ అన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. వరుసగా తెచ్చే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో రష్యన్ల నుంచి ఫ్రాన్సుకు చేరింది. దాంతో ప్రతి వంటకమూ వేడిగా అందింది. వేడి పదార్థం నుంచి వాసననిచ్చే అణువులు ఎక్కువగా గాల్లోకి లేస్తాయి. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం ముక్కుకు తెలిసే వాసనే. ఇంకో సంగతి 1980ల మొదట్లో బార్బరా రోల్స్ బృందం చేసిన ప్రయోగాల్లో బయటపడింది. ఒకే పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గిపోతుంది గానీ, ఇంకా తినని పదార్థం మీద ఇష్టం అంతగా తగ్గదు. అందుకే మాంసం చాలన్న మనిషి కూడా తీపికి చోటు ఉందంటాడు. మన విస్తరిలో అన్నీ ఒకేసారి కనిపించినా, పప్పు, కూర, చారు, పెరుగు అంటూ తినే వరుస మనకూ ఉంది. 2010లో యునెస్కో ఫ్రెంచివారి విందు భోజన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వంటకాలతో పాటు వాటి వరుసకు, అందరూ కలిసి కూర్చుని తినే ఆచారానికి దక్కిన గౌరవం అది.

రొట్టె మీది ఎరుపు

మొదట వచ్చిన రొట్టె ముక్కను విరిచి చూడండి. లోపల తెల్లగా, మెత్తగా ఉంటుంది. పైన ఎర్రగా, కరకరలాడుతూ ఉంటుంది. పిండి ఒకటే, పొయ్యి ఒకటే. తేడా అంతా నీటిది. తడి ఉన్నంతసేపూ పిండి వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, ఎందుకంటే అదనంగా వచ్చే వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పైపొరలో తడి ఆరిపోయాక అక్కడ వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పిండిలోని చక్కెరలు, ప్రొటీన్ల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు కలిసి వందల రకాల కొత్త పదార్థాలుగా మారతాయి. ఆ ఎరుపు, ఆ కమ్మని వాసన వాటివే.

ఈ చర్యను 1912లో వివరించినవాడు ఫ్రెంచి వైద్యుడు, రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్. ఆయన వంట గురించి ఆలోచించి ఈ పని మొదలుపెట్టలేదు. జీవకణాల్లో ప్రొటీన్లు ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని అమైనో ఆమ్లాలను చక్కెరతో వేడి చేశాడు. ఆయన పేరుతోనే దాన్ని మయ్యార్ చర్య అంటున్నారు. పెనం మీద జొన్నరొట్టెకు పడే గోధుమరంగు మచ్చలు, వేయించిన పల్లీల వాసన, కాఫీ గింజల రంగు, అన్నింటి వెనుకా ఇదే ఉంది.

ఇది తెలిస్తే ఇంట్లో కోడి వేపుడూ బాగుపడుతుంది. ముక్కలన్నీ ఒకేసారి మూకుడులో కుమ్మరిస్తే వాటిలోంచి నీరు ఊరుతుంది. ఆ నీరున్నంతసేపూ ముక్కలు ఉడుకుతాయే తప్ప ఎర్రబడవు. ముక్కల తడి తుడిచి, ఎడంగా కొన్ని కొన్నిగా వేస్తే నిమిషాల్లో రంగు తిరుగుతాయి. ఫ్రెంచి వంటగదిలో కొత్తగా చేరినవాడికి నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి.

సాస్ ఎందుకు విరగదు

ఫ్రెంచి వంటకు ప్రాణం సాస్. ఎస్కోఫియే సంప్రదాయం వందలాది సాస్‌లను కొన్ని మూల సాస్‌ల కింద సర్దింది. వాటిలో ఎక్కువ భాగం పనిచేసేది రెండు సూత్రాల మీద.

మొదటిది పిండి చిక్కబడటం. బెషమెల్ సాస్‌కు ముందు వెన్నలో మైదా వేయించి, తర్వాత పాలు పోస్తారు. పిండి రేణువులు దాదాపు 60 డిగ్రీల దగ్గర నీరు పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి, వేడి పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది. పొడి పిండిని నేరుగా మరిగే పాలలో వేస్తే ఉండకడుతుంది. ఉండ పైపొర వెంటనే జిగురుగా మారి లోపలికి నీరు పోకుండా అడ్డుపడుతుంది. ముందే వెన్నలో వేయించితే రేణువు రేణువుకీ కొవ్వు పూత పడి అవి విడివిడిగా ఉంటాయి.

రెండోది, కలవని వాటిని కలపడం. హాలండైజ్ సాస్‌లో ఉండేవి గుడ్డు పచ్చసొన, నిమ్మరసం, కరిగించిన వెన్న. నూనె, నీరు మామూలుగా కలవవు. పచ్చసొనలోని లెసిథిన్ అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస కొవ్వును ఇష్టపడుతుంది. వెన్నను సన్నటి ధారగా పోస్తూ గిలక్కొడితే అది కంటికి కనపడనంత చిన్న చుక్కలుగా విడిపోతుంది. లెసిథిన్, సొనలోని ప్రొటీన్లు ఆ చుక్కల చుట్టూ చేరి అవి మళ్లీ ఒక్కటి కాకుండా కాపాడతాయి. కానీ వేడి 70 డిగ్రీలు దాటుతూ పోతే సొన గట్టిపడి సాస్ విరిగిపోతుంది. అందుకే వంటవాడు గిన్నెను మంట మీద పెట్టకుండా వేడినీళ్ల ఆవిరి మీద పెడతాడు.

ఇప్పుడు మన మజ్జిగ పులుసు చూద్దాం. పుల్లటి పెరుగును అలాగే మరిగిస్తే అందులోని ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని పలుకులవుతాయి, నీరు విడిపోతుంది. అందుకని మన ఇళ్లలో ముందుగా శనగపిండి కలుపుతారు. ఉబ్బిన పిండి ప్రొటీన్ల మధ్య అడ్డుపడి, అవి గడ్డకట్టకుండా ఆపుతుంది. ఫ్రెంచి మిఠాయి వంటవాడు చేసేది కూడా అచ్చంగా ఇదే. గుడ్లు, పాలు, చక్కెరతో చేసే పల్చటి కస్టర్డ్‌ను 85 డిగ్రీలు దాటనివ్వడు, దాటితే విరుగుతుంది. అదే కస్టర్డ్‌లో పిండి కలిపితే ధైర్యంగా మరిగిస్తాడు. ఈ సూత్రం మన అమ్మమ్మలకూ తెలుసు, ఫ్రెంచివాళ్లకూ తెలుసు. ఫ్రెంచివాళ్లు అంకె రాసుకున్నారు. మనం సన్నటి సెగ మీద, కలుపుతూనే ఉండాలని నోటిమాటగా చెప్పుకున్నాం.

మాంసం, ఆవిరి, భూపాలపల్లి బొగ్గు

మాంసంలో రకరకాల ప్రొటీన్లు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో వేడి దగ్గర మారుతుంది. 50 డిగ్రీల దగ్గర మయోసిన్ గట్టిపడటం మొదలై మాంసానికి పచ్చితనం పోతుంది. 65 డిగ్రీలు దాటాక ఆక్టిన్ కూడా గట్టిపడి, కండ రసం పిండేసి, ముక్క పీచుగా మారుతుంది. మెత్తటి కండ భాగాలకు ఈ రెండింటి నడుమనున్న వేడి శ్రేష్ఠం. 1974లో రోఆన్ పట్టణంలోని త్రోఆగ్రో రెస్టారెంటు కోసం ఝోర్ఝ్ ప్రాలూ అనే వంటగాడు పదార్థాన్ని గాలిచొరని సంచిలో పెట్టి తక్కువ వేడి నీళ్లలో వండే పద్ధతిని తీర్చిదిద్దాడు. నేడు పెద్ద హోటళ్లలో అది మామూలైంది. ఈ పద్ధతిలో వేడితో పాటు ఎంతసేపు ఉంచాలన్నదీ ఖచ్చితంగా పాటించాలి, లేకపోతే హానికర బ్యాక్టీరియా చావదు.

మేక కాళ్లు, తొడ మాంసం లాంటి గట్టి భాగాల లెక్క వేరు. వాటిలో కొలాజెన్ ఎక్కువ. అది 70 డిగ్రీల పైన, గంటల తరబడి తడిలో ఉడికితేనే జిలెటిన్‌గా కరుగుతుంది. ఈ పనిని తొందరగా చేయించే యంత్రం కూడా ఒక ఫ్రెంచివాడిదే. డెనీ పాపిన్ 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీకి మూత బిగించిన ఒక పాత్రను చూపించాడు. ఆవిరి బయటికి పోకుండా ఆపితే లోపల పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగితే నీరు 100 డిగ్రీలకు మరగదు, ఇంకా వేడెక్కుతుంది. ఆ పాత్ర ఎముకలను సైతం మెత్తబరిచేది. మన వంటింట్లో విజిల్ వేసే కుక్కర్‌లో నీరు 120 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. కందిపప్పు పావుగంటలో ఉడకడానికి కారణం ఆ అదనపు ఇరవై డిగ్రీలే.

పాపిన్ అక్కడితో ఆగలేదు. ఆవిరికి మూతను ఎత్తే బలం ఉంటే, ఆ బలంతో పని చేయించవచ్చని 1690లో ముషలకంతో నడిచే ఆవిరి యంత్రాన్ని ప్రతిపాదించాడు. ఆ ఆలోచనల దారిలోనే తర్వాతి తరాల ఆవిరి యంత్రాలు వచ్చాయి. భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు మండించి నీటిని మహా పీడనంలో ఆవిరి చేసి టర్బైన్లు తిప్పుతారు. సింగరేణి గనుల్లో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన కార్మికుడి పొయ్యి మీది కుక్కర్‌కీ, ఊరికి కరెంటు ఇచ్చే బాయిలర్‌కీ సూత్రం ఒకటే.

రాగి గిన్నె, పెంబర్తి ఇత్తడి

ఫ్రెంచి వంటగదిలో గోడకు వేలాడే రాగి గిన్నెలు అలంకారానికి పెట్టినవి కావు. రాగి వేడిని స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా పాతిక రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. ఇత్తడి ఆ రెండింటికీ మధ్యస్థం. స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే మాడుతుంది. రాగిలో వేడి అడుగంతా సమంగా పరుచుకుంటుంది. మంట తగ్గించగానే గిన్నె కూడా వెంటనే చల్లబడుతుంది. సాస్ విరిగే వేడికి ఒకటి రెండు డిగ్రీల ఇవతల పని చేసే వంటవాడికి ఇది పెద్ద అండ.

లోహాన్ని ఇంత దగ్గరగా ఎరిగినవారు జనగామ జిల్లా పెంబర్తిలో ఉన్నారు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న వారి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రేకును కాల్చి మెత్తబరచడం, సుత్తి దెబ్బలతో రూపం తేవడం, దెబ్బలకు బిగుసుకుపోయిన లోహాన్ని మళ్లీ కాల్చడం, ఇదంతా పదార్థ శాస్త్రమే. కాల్చినప్పుడు లోహంలోని స్ఫటికాలు కొత్తగా అమరతాయి, అందుకే అది మళ్లీ వంగుతుంది.

రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు వండకూడదని మనకు తెలుసు. ఆమ్లం లోహాన్ని కరిగిస్తుంది. అందుకు మందు కళాయి. గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, నవాసారం చల్లి రుద్దుతారు. తెల్లటి పొగ లేస్తుంది, లోహం మీది కిలుము వదులుతుంది. వెంటనే తగరం ముక్కను అద్ది, దూదితో గిన్నె లోపలంతా ఒక్క ఊపులో తిప్పితే వెండిలా మెరిసే పూత పట్టుకుంటుంది. ఫ్రెంచి రాగి గిన్నెలకూ ఆనవాయితీగా ఇదే తగరం పూత. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి అలాంటి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకూడదు.

రాగి చేసే మేలు ఇంకొకటి ఉంది. గుడ్డు తెల్లసొనను రాగి పాత్రలో గిలక్కొడితే నురుగు ఎక్కువసేపు నిలుస్తుందని ఫ్రెంచి వంటవాళ్లు తరాలుగా చెబుతూ వచ్చారు. హెరాల్డ్ మెక్‌గీ, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి 1984లో నేచర్ పత్రికలో ప్రచురించారు. రాగి అయాన్లు సొనలోని ఒక ప్రొటీన్‌తో గట్టిగా బంధం ఏర్పరచుకుంటాయని, నురుగు నిలకడకు అది తోడ్పడుతుందని వాళ్లు చూపించారు. వంటింటి నమ్మకం ప్రయోగశాల దాకా వెళ్లి నెగ్గింది.

పాకం చెప్పే లెక్క

చివరి వడ్డన క్రెమ్ క్యారమెల్. చక్కెరను నీరు లేకుండా సుమారు 170 డిగ్రీల దాకా కాచి, గోధుమరంగు రాగానే అచ్చుల్లో పోస్తారు. పైన గుడ్డు, పాల మిశ్రమం పోసి, ఆ అచ్చులను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టి ఓవెన్‌లోకి తోస్తారు. చుట్టూ నీరు ఉండటం వల్ల కస్టర్డ్ మరగదు, నెమ్మదిగా, రంధ్రాలు పడకుండా గట్టిపడుతుంది.

చక్కెర పాకం విషయంలో మనవాళ్ల నేర్పు ఎవరికీ తీసిపోదు. అరిసెలు చేసేటప్పుడు పెద్దావిడ బెల్లం పాకం చుక్కను నీళ్ల గిన్నెలో వేస్తుంది. వేళ్లతో దగ్గరికి తెస్తుంది. జారిపోతే ఇంకా కావాలి. మెత్తటి ఉండ కడితే పిండి పోసెయ్యాలి. ఉండను గిన్నెకేసి కొట్టినప్పుడు టంగుమంటే ముదిరిపోయినట్టే, అరిసె రాయవుతుంది. ఫ్రెంచి మిఠాయి వంటవాళ్లూ చల్లటి నీళ్లలో ఇదే పరీక్ష చేసేవారు. పాకం మరిగేకొద్దీ నీరు తగ్గి చక్కెర శాతం పెరుగుతుంది. చక్కెర పెరిగేకొద్దీ పాకం మరిగే వేడి కూడా పెరుగుతుంది. చక్కెర పాకం తీగ సాగేది 110 డిగ్రీల చుట్టూ, మెత్తటి ఉండ కట్టేది 112 నుంచి 116 మధ్య, గట్టి ఉండ 120 దాటాక. ఆ పెద్దావిడ వేళ్లు చేస్తున్నది అక్షరాలా చక్కెర గాఢతను కొలవడమే. ఆ వేళ్లకు తెలిసినది పక్కన కూర్చున్న మనవరాలికి అందితే సరే, ఆమె పై చదువులకు ఊరు వదిలితే అక్కడే ఆగిపోతుంది. అంకె వేసి రాస్తే ఆగదు.

రెండు మిరపలు, ఒకే తరహా రక్షణ

కొన్ని ఫ్రెంచి పళ్లేల మీద చివరగా ఎర్రటి పొడి చిటికెడు చల్లుతారు. అది ఎస్పెలెట్ మిరప. ఫ్రాన్సు నైరుతి మూల, బాస్క్ ప్రాంతంలోని ఎస్పెలెట్ గ్రామంలో మిరపకాయలను దండలు గుచ్చి ఇళ్ల గోడలకు వేలాడదీసి ఎండబెడతారు. కారం తక్కువ, రంగు, వాసన ఎక్కువ. 2000లో దానికి ఫ్రాన్సు ప్రాంతీయ నామ రక్షణ ఇచ్చింది. ఫలానా ఊళ్లలో, ఫలానా పద్ధతిలో పండిన కాయకే ఆ పేరు చెల్లుతుంది. ఈ రక్షణ ఆలోచన ఫ్రాన్సులో పాతది. రోక్‌ఫోర్ జున్నుకు 1925లో, ద్రాక్ష సారాలకు 1935లో చట్టాలు వచ్చాయి. మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేసి, 2003లో అమలుకు తెచ్చారు.

ఎస్పెలెట్ మిరపకు దగ్గరి పోలిక మన చపాటా మిర్చి. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ కాయ లావుగా, ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో పండుతుంది. పచ్చళ్లకు మంచి ఎరుపు రావాలంటే దీన్నే వెతుకుతారు. ఎరుపు క్యాప్సాంథిన్ అనే వర్ణకానిది, కారం క్యాప్సైసిన్‌ది. రెండూ వేరు వేరు పదార్థాలు, అందుకే ఎర్రటి కాయలన్నీ కారంగా ఉండాలని లేదు. క్యాప్సైసిన్ ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. నోట్లో అది 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే నరాల గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. కారానికి నోరు మండినట్టు అనిపించడం అందుకే. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి మంట పుట్టినప్పుడు నీళ్ల కన్నా పాలు, పెరుగు మేలు.

చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ, వారికి అండగా నిలిచింది మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం. రైతుకు చేతితో తడిమితే తెలిసే గుణాలను, అంటే కాయ రూపం, రంగు, కారం, పండే నేలను, కొలిచి కాగితం మీద పెట్టడం వల్లనే ఇది సాధ్యమైంది.

మనం ఆ బల్ల దగ్గర నేర్చుకోవలసింది ఇదే. ఫ్రెంచి వంట ప్రపంచమంతా హోటళ్లకు చేరడానికి వాళ్ల నాలుకలు మనకన్నా గొప్పవి కావడం కారణం కాదు. తెలిసినదాన్ని వాళ్లు కొలిచారు, రాశారు, పుస్తకంగా అచ్చువేశారు, చట్టంతో కాపాడారు. మన దగ్గర సర్వపిండి మందం, సకినాల పిండి తడి, అంబలి పులిసే గంటలు, అరిసెల పాకం ముదురు ఇప్పటికీ చేతుల్లోనే ఉన్నాయి. ఒక వంట థర్మామీటర్, ఒక త్రాసు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు, ఈ సంక్రాంతికే పని మొదలుపెట్టవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడుల్లో సైన్సు చెప్పే పంతుళ్లు పిల్లలకు ప్రాజెక్టుగా ఇంటి వంటకం ఒకటి కొలిచి రాసుకు రమ్మంటే, కొన్నేళ్లలో మూడు జిల్లాల పాకశాస్త్రం మన చేతిలో ఉంటుంది. మిర్చికి జరిగిన మేలు అరిసెకూ జరగాలి.